డిజైన్ ఏ గోడకి, టెక్స్చర్ ఏ గోడకి? రెండు రకాల వాల్‌పేపర్లు కలిపి వేసే ముందు

వాల్‌పేపర్ షాపులో కేటలాగ్ తిప్పుతున్నప్పుడు ఒక సంగతి గమనించండి. పెద్ద పువ్వులో, కొమ్మలో, గీతలో ఉన్న పేజీ ఒకటి వస్తుంది. దాని వెనకే రెండు మూడు పేజీలు ఏ బొమ్మా లేకుండా, నారబట్ట నేతలాగానో గరుకు సిమెంటులాగానో చేతికి తగిలే కాగితాలు వస్తాయి. చాలామంది వీటిలో చూడ్డానికేముందని గబగబా తిప్పేస్తారు. ఆ కేటలాగ్ కూర్చినవాళ్లు వాటిని అక్కడ పెట్టిందే ముందు పేజీకి జోడీగా. షాపుల్లో మొదటిదాన్ని డిజైన్ అనీ, రెండోదాన్ని ప్లెయిన్ టెక్స్చర్ అనీ అంటారు. ఈ రెండూ ఒకే గదిలో కలిస్తే ఎక్కడ బాగుంటుంది, ఎక్కడ చెడుతుంది, ఎక్కడ అసలు కాగితమే వద్దు అన్నది చూద్దాం.

నా మాట ముందే చెప్పేస్తాను. కాగితం ఎంచుకునే ముందు గోడని ఎంచుకోవాలి. డిజైన్ నచ్చి కొనేసి, దాన్ని ఎక్కడ వేయాలా అని ఇంటికొచ్చి వెతుక్కుంటే నూటికి తొంభై మంది సోఫా వెనకో టీవీ వెనకో వేసేస్తారు. ఆ రెంటిలో ఒకటి డిజైన్‌కి మంచి చోటు, రెండోది కాదు.

వెలుతురు ఎటునుంచి వస్తోంది

టెక్స్చర్ అందమంతా నీడల్లో ఉంటుంది. కాగితం మీద సన్నని గట్లు, గుంటలు ఉంటాయి కదా, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడితే ప్రతి గట్టూ ఒక నీడ వేస్తుంది. అప్పుడు గోడ నిజంగా నేసిన బట్టలా, చెక్కిన రాయిలా కనిపిస్తుంది. అదే వెలుతురు ఎదురుగా తిన్నగా పడితే నీడలుండవు. అంత డబ్బు పెట్టిన టెక్స్చర్ మామూలు పెయింటులా చదునైపోతుంది. కాబట్టి కిటికీకి గానీ బాల్కనీ తలుపుకి గానీ పక్కనున్న గోడ టెక్స్చర్‌ది. కిటికీకి ఎదురుగా ఉన్న గోడ డిజైన్‌ది, ఎందుకంటే అక్కడ రంగులు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఇక కిటికీ ఉన్న గోడ సంగతి. పగలంతా వెలుతురు మన కళ్లలో కొడుతుంటే ఆ గోడ మీద ఏముందో సరిగ్గా కనపడదు. దానికి పెయింట్ చాలు, పైగా కర్టెన్లే సగం కప్పేస్తాయి.

ఇందులో ఇంకో సుళువు ఉంది. పక్కనుంచి పడే వెలుతురు లప్పం పనిలో ఉన్న ప్రతి లోపాన్నీ బయటపెడుతుంది. పలచటి, నున్నటి డిజైన్ కాగితం అక్కడ వేస్తే కింద ఉన్న ఎగుడుదిగుళ్లు, పట్టీల మధ్య జాయింట్లు సాయంత్రం ఎండకి లెక్కపెట్టేలా కనిపిస్తాయి. కాస్త మందంగా ఉబ్బెత్తుగా ఉన్న టెక్స్చర్ వాటిని దాచేస్తుంది. అంటే ఆ గోడకి టెక్స్చర్ అందానికీ పనికొస్తుంది, మేస్త్రి చేతిపనిని కాపాడటానికీ పనికొస్తుంది.

ఫాల్స్ సీలింగ్ ఉన్న ఇళ్లలో రాత్రి లెక్క వేరు. గోడని ఆనుకుని పైన ఎల్ఈడీ స్ట్రిప్ ఉంటే, ఆ వెలుతురు గోడ మీద నుంచి కిందికి జారుతుంది. అది కూడా పక్క వెలుతురే. ఆ గోడకి టెక్స్చర్ రాత్రిపూట బ్రహ్మాండంగా ఉంటుంది. ఏ గోడ ఎలా ఉందో తెలియాలంటే రాత్రి లైట్లు ఆర్పి, ఫోన్ టార్చ్‌ని గోడకి ఆనించి పక్కకి వెలుగు కొట్టి చూడండి. గోడ గుట్టు మొత్తం బయటపడుతుంది. డిజైన్ కాగితం వేయాలనుకున్న గోడకి ఈ పరీక్ష తప్పనిసరి. గతుకులు కనపడితే ముందు లప్పం మళ్లీ పట్టించాలి.

గోడ ముందు ఏముంది, వెనక ఏముంది

టీవీ వెనక డిజైన్ వద్దు. కదిలే బొమ్మ చుట్టూ కదలని బొమ్మలు ఉంటే కళ్లకి శ్రమ. టీవీ యూనిట్, దాని మీద సెట్‌టాప్ బాక్స్, వైర్లు, పక్కన షోకేసు బొమ్మలు, ఇవన్నీ అప్పటికే ఒక డిజైన్. అక్కడ ముదురు బూడిదో, మట్టి రంగో ఉన్న సన్నని టెక్స్చర్ బాగుంటుంది. మెరిసేది మాత్రం వద్దు, టీవీ వెలుగు దాని మీద తిరిగి మెరుస్తుంది.

సోఫా వెనక గోడ డిజైన్‌కి మంచి చోటు. కూర్చున్నవాళ్లకి అది వీపు వెనక ఉంటుంది కాబట్టి రోజూ చూసి విసుగు రాదు. గుమ్మంలోంచి వచ్చేవాళ్లకి ముందుగా కనిపించేది అదే. పడకగదిలో మంచం తల వైపు గోడకీ ఇదే లెక్క. పడుకున్నవాళ్లు దాన్ని చూడరు. వాళ్లు చూసేది కాళ్ల వైపు గోడ, అక్కడ సాధారణంగా వార్డ్‌రోబ్ ఉంటుంది, లేకపోతే ప్రశాంతమైన టెక్స్చర్ వేసుకోవచ్చు.

మన ఇళ్లలో ఇంకో విషయం ఉంది, కేటలాగుల్లో ఎప్పుడూ కనపడనిది. తాతగారి ఫోటో, పెళ్లి ఫోటో, క్యాలెండర్, గడియారం. ఇవి ఎక్కడో ఒక చోట వేలాడాలి. డిజైన్ గోడ మీద ఫ్రేమ్ పెడితే ఫ్రేమ్ పాడు, డిజైన్ పాడు. టెక్స్చర్ గోడ ఫోటోలని చక్కగా మోస్తుంది. రేపు మేకు తీసేసినా ఆ చిన్న కన్నం గరుకులో కలిసిపోతుంది. అందుకే ఫోటోలు ఏ గోడకి వేస్తారో ఇంట్లో పెద్దవాళ్లని ముందే అడగండి. కాగితం అంటించాక అడిగితే ఇల్లు రెండు పార్టీలవుతుంది.

ఇక గోడ వెనక. అటువైపు బాత్‌రూమ్ ఉంటే కింద మూడు నాలుగు అడుగుల వరకు చెమ్మ వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అక్కడ ఏ కాగితమూ వద్దు. అటువైపు ఆరుబయలు అయితే వానాకాలం ఎలా ఉంటుందో చూశాకే నిర్ణయించుకోండి. కొత్త ఇల్లయితే ఒక వానాకాలం గడవనివ్వండి. తొందరగా తేల్చుకోవాలంటే అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా గట్టిగా టేపు వేసి గోడకి అంటించి రెండు రోజులు వదిలేయండి. విప్పినప్పుడు గోడ వైపు నీటి బొట్లు గానీ, గోడ మీద ముదురు మచ్చ గానీ ఉంటే ఆ గోడ ఇంకా సిద్ధంగా లేదు.

కాకినాడ, విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి చోట్ల ఉన్నవాళ్లు దీన్ని ఇంకొంచెం జాగ్రత్తగా చదవాలి. బయట గాలి వేడిగా, తడిగా ఉంటుంది. లోపల ఏసీ వల్ల గోడ చల్లగా ఉంటుంది. బయటి గోడ గుండా వచ్చిన తేమ లోపలికి ఆరిపోవాలి. వినైల్ కాగితం, అంటే పైన ప్లాస్టిక్ పొర ఉన్నది, ఆ దారి మూసేస్తుంది. తేమ కాగితం వెనకే ఆగి, చల్లదనానికి నీరై, బూజు పడుతుంది. పైకి అంతా బాగానే ఉంటుంది, కాకపోతే గది వాసన మారుతుంది. మార్కెట్లో దొరికే ఉబ్బెత్తు టెక్స్చర్లు చాలావరకు వినైల్‌వే కాబట్టి, తీరప్రాంతంలో ఏసీ గదికి వాటిని లోపలి అడ్డుగోడల మీదే వేయించండి. బయటి గోడకి కాగితం తప్పదనుకుంటే కొంత గాలాడనిచ్చే నాన్-వోవెన్ రకం (నేయకుండా పీచుని అదిమి చేసిన కాగితం) మేలు. నిజామాబాద్, కర్నూలు లాంటి పొడి ఊళ్లలో ఈ బెడద తక్కువ, అక్కడ అసలు శత్రువు దుమ్ము.

జోడీ కుదర్చడం

అందరూ చేసే పని ఏమిటంటే, డిజైన్‌లో ఉన్న పువ్వు రంగు తీసుకుని అదే రంగు టెక్స్చర్ పక్క గోడలకి వేయడం. నీలం పువ్వు, నీలం గోడలు. గది బరువెక్కిపోతుంది. టెక్స్చర్ రంగు పువ్వులోంచి కాదు, పువ్వు వెనకున్న నేలలోంచి తీసుకోవాలి. డిజైన్ వెనక మీగడ రంగు ఉంటే టెక్స్చర్ కూడా అదే మీగడ, లేదా ఒక్క మెట్టు ముదురు. అప్పుడు డిజైన్ గోడ నుంచి పక్క గోడకి కన్ను ఎక్కడా తట్టుకోకుండా వెళ్తుంది. గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ వేర్వేరు దారాలు, వేర్వేరు మెరుపు, అయినా ఒకే చీర అనిపిస్తుంది. అక్కడ పని చేసేది రంగుల పొందిక. అందుకే ఒళ్లు సాదాగా ఉన్నా లోటు అనిపించదు.

రంగు చూసేటప్పుడు షాపు లైట్లని నమ్మకండి. తెలుపులోనే పసుపు తిరిగిన తెలుపు, నీలం తిరిగిన తెలుపు ఉంటాయి. డిజైన్ నేల ఒకటీ, టెక్స్చర్ ఇంకొకటీ అయితే పక్కపక్కన పెట్టినప్పుడు ఒకటి మాసినట్టు కనిపిస్తుంది. మన ఇళ్లలో చాలా చోట్ల 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీలే ఉంటాయి. షాపుల్లో డిస్‌ప్లేకి తరచుగా 3000 కెల్విన్ పసుపు లైట్లు పెడతారు. రెండు కాగితాల నమూనా ముక్కలూ ఇంటికి తెచ్చి, ఏ గోడకి వేస్తారో ఆ గోడకే టేపుతో అతికించి పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూడండి. ఏ4 ముక్క చాలదు. వీలైతే షాపులోనే రోల్‌ని ఓ గజం విప్పించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూడండి. దగ్గర్నుంచి చూస్తే అన్ని కాగితాలూ బాగానే ఉంటాయి.

రెండోది కొలత. డిజైన్ పెద్దదైతే, అంటే అరచేతికంటే పెద్ద ఆకులు, పువ్వులు అయితే, టెక్స్చర్ సన్నగా ఉండాలి. డిజైన్ చిన్న చుక్కలు, సన్నని జాలీ గీతలు అయితే టెక్స్చర్ కొంచెం గరుకైనదైనా తట్టుకుంటుంది. రెండూ ఒకే కొలతలో ఉంటేనే చిక్కు. అప్పుడు టెక్స్చర్ కూడా డిజైన్‌లాగే కనిపించి, గదిలో రెండు డిజైన్లు పోటీ పడుతున్నట్టు ఉంటుంది.

మూడోది దిశ. దీన్ని షాపులో ఎవరూ చెప్పరు. నేత టెక్స్చర్లలో కొన్నిటికి అడ్డగీతలు బలంగా ఉంటాయి, కొన్నిటికి నిలువు గీతలు. వెదురు, తాటాకు, పొడవాటి కొమ్మల డిజైన్లు నిలువుగా సాగుతాయి. వాటి పక్కన అడ్డగీతల నేత బాగుంటుంది. త్రికోణాలు, షట్కోణాల డిజైన్ పక్కన ఏ గీతా లేని, గచ్చు పూసినట్టుండే టెక్స్చర్ వేయండి. గీతల డిజైన్ పక్కన గీతల టెక్స్చర్ మాత్రం వద్దు. మీ గోడ కచ్చితంగా నిలువుగా లేకపోతే, మన గోడలు చాలావరకు ఉండవు, ఆ వంకర రెండింతలై కనిపిస్తుంది.

మెరుపు సంగతి ఒక్క ముక్కలో. జరీలా మెరిసే గీత ఉంటే అది డిజైన్‌లోనే ఉండనివ్వండి, టెక్స్చర్ మాత్రం మాట్ తీసుకోండి. టెక్స్చర్ మెరిసి డిజైన్ మాట్ అయితే గది ఫంక్షన్ హాల్లా తయారవుతుంది.

ఏ అమరిక ఎవరికి

ఒక గోడ డిజైన్, మిగతా మూడూ పెయింట్. షాపులో హైలైటర్ గోడ అంటారు. ఖర్చు తక్కువ, మనసు మారితే ఒక్క గోడే మార్చుకోవాలి. ఇందులో లోపం ఒకటే. నున్నటి పెయింట్ పక్కన డిజైన్ గోడ అతికించిన పోస్టర్‌లా వేరుగా కనిపిస్తుంది. బడ్జెట్ తక్కువగా ఉంటే ఇదే, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఒక గోడ డిజైన్, దాన్ని ఆనుకున్న ఒక గోడ టెక్స్చర్, మిగతా రెండూ టెక్స్చర్ రంగుకి దగ్గరగా పెయింట్. మామూలు ఫ్లాట్ హాలుకి నేను చెప్పేది ఇదే. నాలుగు గోడలకీ కాగితం అనే మాట మన ఫ్లాట్లకి పెద్దగా పనికిరాదు. ఒక గోడ కిటికీలకీ బాల్కనీకీ పోతుంది, ఇంకోటి వంటింటి వైపు తెరిచి ఉంటుంది. మిగిలేవి రెండే. ఆ రెంటిలో వెలుతురు చెప్పినట్టు ఒకటి దానికి, ఒకటి దీనికి. పెయింట్ షేడ్ ఎంచుకునేటప్పుడు టెక్స్చర్ కాగితం ముక్క పట్టుకెళ్లి షేడ్ కార్డు పక్కన పెట్టి చూడండి. గరుకు కాగితం నీడల వల్ల పెయింట్ కంటే ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది, కాబట్టి పెయింట్ కూడా ఆ మేరకు ముదురుగా తీసుకోవాలి.

మూడు గోడలు డిజైన్, ఒకటి టెక్స్చర్. వినడానికి తలకిందులుగా ఉంది కానీ చిన్న గదుల్లో, అంటే చదువుకునే గది, బట్టల గది లాంటి చోట్ల, చిన్న మోటిఫ్‌లున్న డిజైన్ మూడు గోడలకీ తిరిగితే గది మూలలు మాయమై కాస్త పెద్దగా అనిపిస్తుంది. నాలుగో గోడ టెక్స్చర్ కంటికి విశ్రాంతి. హాలుకి మాత్రం ఇది వద్దు.

కింద టెక్స్చర్, పైన డిజైన్, మధ్యలో చెక్క బీడింగ్, అంటే సన్నని చెక్క పట్టీ. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే, మన దగ్గర అన్నిటికంటే తక్కువ వేసేదీ ఇదే. దీని వెనక పాత కథ ఉంది. 19వ శతాబ్దపు ఇంగ్లండు ఇళ్లలో గోడని అడ్డంగా భాగాలు చేసేవారు. నడుము ఎత్తు వరకు ఒకటి, దాని పైన ఒకటి, కప్పు కింద మళ్లీ ఒక పట్టీ. లినోలియం కనిపెట్టిన ఫ్రెడరిక్ వాల్టనే 1877లో లింక్రస్టా అనే ఉబ్బెత్తు కవచాన్ని గోడల కోసం తెచ్చాడు. అవిసె నూనెతో, చెక్కపొడితో చేసిన గట్టి సరుకు అది. పదేళ్లకి, 1887లో, ఆయన దగ్గర పనిచేసిన థామస్ పామర్ కాగితం గుజ్జుతో తేలికగా, చవకగా ఉండే అనాగ్లిప్టా చేశాడు. నడవాల్లో, మెట్ల పక్కన కింది భాగానికి వీటిని వేసి రంగు పూసేవారు. కుర్చీలు, బూట్లు, పిల్లల చేతులు తగిలేది అక్కడే కదా. దెబ్బ తగలని పై భాగానికి సున్నితమైన డిజైన్ కాగితం. అంటే టెక్స్చర్ అక్కడికి వచ్చింది అందం కోసం మాత్రమే కాదు, దెబ్బలు కాయడానికి.

మన డైనింగ్ గదికి, పిల్లల గదికి, గుమ్మం నుంచి హాలుకి వచ్చే సన్నటి నడవకి ఇది సరిగ్గా సరిపోతుంది. కింది భాగానికి కడగడానికి వీలైన వినైల్ టెక్స్చర్ వేస్తే క్రేయాన్ గీతలు, సాంబారు మరకలు తుడుచుకోవచ్చు. ఎత్తు ఎంత అన్నది ముఖ్యం. గోడని సరిగ్గా సగానికి కోయకండి, గది పొట్టిగా కనిపిస్తుంది. 3 అడుగుల దగ్గర ఆపండి. దానికి ఇంకో కారణం కూడా ఉంది. మన ఇళ్లలో స్విచ్ బోర్డులు నాలుగు, నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. బీడింగ్ అక్కడికి వస్తే ప్రతి బోర్డు దగ్గరా విరగాలి. కిటికీ కింది అంచు 3 అడుగుల దగ్గరే ఉంటే ఇంకా మంచిది, బీడింగ్‌ని దానికే కలిపేయవచ్చు.

గోడంతా టెక్స్చర్ వేసి, మధ్యలో బీడింగ్‌తో చట్రాలు కట్టి, లోపల డిజైన్ అంటించే పద్ధతి ఒకటి ఉంది. ఖరీదైన పని, నేర్పున్న కార్పెంటర్ ఉంటేనే మొదలుపెట్టండి. ఎత్తు 10 అడుగులు దాటని ఇంట్లో నాకైతే అది హోటల్ లాబీలా అనిపిస్తుంది.

కాగితానికి బదులు టెక్స్చర్ పెయింట్ వేసి, పక్కన డిజైన్ కాగితం వేస్తే ఎలా ఉంటుందని అడుగుతారు. చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే టెక్స్చర్ పెయింట్ తీయాలంటే గోడ గీకించి మళ్లీ లప్పం పట్టించాలి. కాగితం విసుగొస్తే ఊడదీసుకోవచ్చు. అయిదారేళ్లకోసారి ఇంటి రూపు మార్చే అలవాటు ఉంటే కాగితం, పదేళ్లు ముట్టుకోం అనుకుంటే పెయింట్.

ఏ సరుకు

నాన్-వోవెన్: అంటించేటప్పుడు సాగదు, కుంచించుకోదు, తీసేటప్పుడు పెద్ద పెద్ద ముక్కలుగా వస్తుంది. డిజైన్ గోడకి ఇదే నా ఎంపిక. వినైల్: తడిగుడ్డతో తుడవచ్చు, దెబ్బకి ఆగుతుంది, చెమ్మ గోడ మీద మాత్రం ప్రమాదం. టెక్స్చర్ గోడకి, ముఖ్యంగా చేతులు తగిలే చోట, ఇది. గడ్డి, జనపనార లాంటి సహజ పీచుతో నేసినవి చూడ్డానికి అన్నిటికంటే గొప్పగా ఉంటాయి, కానీ నీళ్లు తగలకూడదు, పట్టీల మధ్య జాయింట్ కనపడి తీరుతుంది, ఎందుకంటే ఏ రెండు పీచులూ ఒకేలా ఉండవు. పెద్దవాళ్లు మాత్రమే ఉండే పడకగదికి సరే, భోజనాల గదికి వద్దు. ప్రధాన రోడ్డు పక్క ఇల్లయితే అడ్డగట్లు లోతుగా ఉన్న ఏ టెక్స్చరైనా దుమ్ము పట్టే అల్మారానే. వాక్యూమ్ బ్రష్ నెలకోసారి తిప్పే ఓపిక లేకపోతే సన్నటి గరుకుతో సరిపెట్టుకోండి. పూజగదిలో అగరుబత్తి పొగ, దీపం మసి ఏ కాగితాన్నయినా పసుపు చేస్తాయి. అక్కడ కాగితం జోలికే పోవద్దు.

రోల్స్ లెక్క

ఇక్కడే డబ్బు పోతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. షాపుల్లో ఎక్కువగా ఉండే రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పైచిలుకు పొడవు. దాన్నే 57 చదరపు అడుగుల రోల్ అంటారు. కొరియా రోల్స్ 106 సెంటీమీటర్ల వెడల్పు, 15.6 మీటర్ల పొడవు ఉంటాయి, వాటి లెక్క వేరు. రెండు కాగితాల ధరలు పోల్చేటప్పుడు రోల్ ధరని చదరపు అడుగులతో భాగించి చూడండి. 57 అడుగుల రోల్ 2,850 రూపాయలైతే అడుగు 50 పడినట్టు.

అయితే చదరపు అడుగులు ధర పోల్చడానికే, రోల్స్ లెక్కకి కాదు. 12 అడుగుల వెడల్పు గోడ తీసుకుందాం. 366 సెంటీమీటర్లు, 53తో భాగిస్తే 7 నిలువు పట్టీలు. ఎత్తు 10 అడుగులైతే 305, పైనా కిందా కోతకి 10 కలిపితే పట్టీకి 315. ఒక రోల్‌లో 3 పట్టీలు వస్తాయి. 7 పట్టీలకి 3 రోల్స్. ప్లెయిన్ టెక్స్చర్‌కి ఇంతే. డిజైన్‌కి, బొమ్మ ప్రతి 64 సెంటీమీటర్లకీ తిరిగి వస్తుందనుకుంటే, పక్క పట్టీతో బొమ్మ కలవాలి కాబట్టి పట్టీని 64 గుణిజాల్లో కోయాలి. 315కి పైన 320. అదృష్టం, ఇంకా 3 పట్టీలు వస్తాయి, 3 రోల్సే.

ఇప్పుడు అదే గోడ ఎత్తు పదిన్నర అడుగులు అనుకోండి. 320కి 10 కలిపితే 330. టెక్స్చర్‌కి మూడు 330లు, అంటే 990, రోల్‌లో పడతాయి. 3 రోల్స్. డిజైన్‌కి 330కి పైన వచ్చే 64 గుణిజం 384. రోల్‌లో రెండే పట్టీలు. 7 పట్టీలకి 4 రోల్స్. అర అడుగు ఎత్తుకి ఒక రోల్ పెరిగింది. చదరపు అడుగుల లెక్క వేసిన షాపతను రెండు సందర్భాల్లోనూ 3 రోల్స్ అనే చెబుతాడు. నాలుగోదానికి మీరు మళ్లీ వెళ్లేసరికి ఆ బ్యాచ్, అంటే అదే విడతలో తయారైన సరుకు, అయిపోయి ఉండొచ్చు.

అందుకే ఎత్తు ఎక్కువున్న గోడలకి టెక్స్చర్, తక్కువున్న గోడలకి డిజైన్ అనేది ఖర్చు తగ్గించే దారి. కింద టెక్స్చర్, పైన డిజైన్ అమరికలో ఇంకా బాగా కలిసొస్తుంది. 3 అడుగుల టెక్స్చర్ పట్టీలు ఒక్క రోల్‌లో 10 వస్తాయి, అంటే 17 అడుగుల గోడకి ఒకే రోల్. 10 అడుగుల గోడలో పైన మిగిలిన 7 అడుగులకి అదే 64 డిజైన్ ఒడుపుగా కోస్తే రోల్‌కి 4 పట్టీలు, 12 అడుగుల గోడకి 2 రోల్స్. మొత్తం 3. నిండుగా డిజైన్ వేసినా 3 రోల్సే కదా అనకండి. ఇందులో టెక్స్చర్ రోల్‌లో 3 పట్టీలు మిగిలి ఇంకో గోడకి పనికొస్తాయి, కింది భాగం తుడవడానికీ వీలవుతుంది.

లేబుల్ మీద గుర్తులు

రోల్ మీద చీటీ చదివేవాళ్లు తక్కువ. బాణం పక్కన సున్నా ఉంటే బొమ్మ కలపక్కర్లేదు. ఎదురెదురు బాణాలు ఒకే వరసలో ఉంటే పక్క పట్టీతో తిన్నగా కలవాలి. బాణాలు ఎగుడుదిగుడుగా ఉండి 64/32 అని ఉంటే, బొమ్మ 64 సెంటీమీటర్లకి తిరిగి వస్తుంది, పక్క పట్టీ 32 కిందికి జరగాలి. వీటికి కోత నష్టం ఇంకా ఎక్కువ. అలల గుర్తు ఎన్ని ఉంటే అంత కడగొచ్చు, అలతో బ్రష్ ఉంటే రుద్దొచ్చు. నిండు సూర్యుడి గుర్తు ఎండకి రంగు నిలుస్తుందని, సగం సూర్యుడు అంతంతమాత్రమని. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే గోడకి సగం సూర్యుడి డిజైన్ కొనకండి.

ప్లెయిన్ టెక్స్చర్ మీద ముఖ్యమైన గుర్తు ఒకటి ఉంది. ఒక బాణం పైకి, పక్కది కిందికి. అంటే ప్రతి రెండో పట్టీని తలకిందులుగా అంటించాలని. రోల్ ఒక అంచు నుంచి ఇంకో అంచుకి రంగు రవ్వంత మారుతుంటుంది. తలకిందులు చేస్తే ఒకే అంచు పక్కన ఒకే అంచు వచ్చి తేడా కనపడదు. అంటించేవాళ్లు దీన్ని పట్టించుకోకపోతే గోడ మీద నిలువు చారలు తేలతాయి, అప్పుడు కాగితం బాగాలేదంటారు. పని మొదలయ్యే ముందు ఆ చీటీ వాళ్ల చేతికిచ్చి చూపించండి. అన్ని రోల్స్ మీదా బ్యాచ్ నంబరు ఒకటేనా అని షాపులోనే సరిచూడండి.

కలిసే చోటు

రెండు కాగితాలూ గది లోపలి మూలలో కలవాలి. బయటికి పొడుచుకొచ్చిన మూలలో, అంటే స్తంభం అంచులాంటి చోట, ఏ కాగితమూ ఆగిపోకూడదు. వచ్చేపోయేవాళ్లు ఒరుసుకుని అంచు లేస్తుంది. అలాంటి మూల ఉంటే టెక్స్చర్‌ని తిప్పి అవతలి లోపలి మూల వరకు తీసుకెళ్లండి. ఒకే గోడ మీద రెండూ కలిస్తే మందం తేడా తెలుస్తుంది, అక్కడ బీడింగ్ తప్పనిసరి. పాత ఇంట్లో సున్నం వేసిన గోడయితే సున్నమంతా గీకి, ప్రైమర్ కొట్టించాకే ఏదైనా. సున్నం మీద అంటించిన కాగితం సున్నంతో సహా ఊడి వస్తుంది.

అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌ని అడిగి ఒక్క డిజైన్ గోడతో ఆపండి, టెక్స్చర్ బదులు నేత కర్టెన్లు, దుప్పటితో ఆ గరుకు తెచ్చుకోవచ్చు. అమెరికాలో అద్దె అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్లు స్టిక్కర్‌లా అంటించే వాల్‌పేపర్లు కొంటుంటారు. అక్కడ చాలా ఇళ్ల గోడలు నారింజ తొక్కలా సన్నటి బుడిపెలతో ఉంటాయి. స్టిక్కర్ కాగితం బుడిపెల మీదే ఆనుతుంది, మధ్యలో ఖాళీ, కొన్నాళ్లకి అంచులు లేస్తాయి. అలాంటి గోడ ఎలాగూ టెక్స్చరే కాబట్టి దాన్ని అలాగే వదిలేసి, నున్నటి తలుపు మీదో, పుస్తకాల అర వెనక పలక మీదో డిజైన్ అంటించుకోవడం మేలు. ఇంకో మాట, అక్కడ కొన్ని కంపెనీలు ధర సింగిల్ రోల్‌కి చెప్పి, సరుకు డబుల్ రోల్‌గా అమ్ముతాయి. ఆర్డర్ పెట్టే ముందు ఆ పెట్టెలో ఎన్ని అడుగుల కాగితం వస్తుందో చూసుకోండి.